ఎండబెట్టిన టెంకలు

కోడలు పెదాల మధ్య పిన్నీసు పెట్టుకుని మాట్లాడిందంటే నాయనమ్మకు గండమే. పెదాలు కదలవు. మాట మాత్రం బయటికి వస్తుంది, వచ్చి ఆవిడ చెవి దాకా చేరేలోపు సగం ఎక్కడో రాలిపోతుంది. ఆ ఉదయం అదే జరిగింది. జ్యూసు షాపుకు ఆలస్యమైపోయిన కోడలు అద్దం ముందు నిలబడి, చున్నీ భుజం మీద మడిచి ఒక పిన్నీసు గుచ్చుకుంటూ, రెండోదాన్ని పెదాలతో కరిచి పట్టుకుని, వెనక్కి తిరక్కుండానే ఏదో చెప్పింది.

అద్దంలో ఆమె మొహాన్ని బట్టి ‘టెంకలు... ఎండ... పెట్టండి’ అన్నంతవరకు అందింది.

“ఊఁ,” అంది నాయనమ్మ.

ఆ ఇంట్లో ఆవిడను నిలబెడుతున్నది ఈ ‘ఊఁ’ ఒక్కటే. చెవులు మొరాయించి చాలా కాలమైంది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి, మొహం చూసి, వేళను బట్టీ వాటాన్ని బట్టీ మాట ఊహించుకుని ఊఁ కొడుతూ నెట్టుకొస్తోంది. కొడుక్కి తెలియదు, కోడలికి తెలియదు. తెలిస్తే పాపను ఆవిడ చేతుల్లో వదలరు. కొడుకు లిఫ్టు మెకానిక్కు, ఎప్పుడు ఏ మేడ మీదికి పిలుపొస్తుందో తెలియదు. కోడలు పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం. పగలంతా పాపకు నాయనమ్మే దిక్కు. వినపడని మనిషి దగ్గర పసిపిల్లను వదిలి వెళ్ళే ధైర్యం ఏ తల్లికీ ఉండదు, ఉండకూడదు కూడా. ఆ సంగతి అందరికన్నా ఆవిడకే బాగా తెలుసు. తెలిసిననాడు ఆవిడను పెద్దకొడుకు ఇంటికి పంపిస్తారు. అక్కడ తిండికి లోటు లేదు. హాల్లో ఆవిడకో కుర్చీ, కుర్చీకి ఎదురుగా టీవీ, అంతే. ఆ కుర్చీలో ఇంకోసారి కూర్చోవడం కంటే చావు నయమని ఆవిడ మనసులో చాలాసార్లు అనుకుంది.

అందుకే ఊయలకు ఒక తాడు కట్టి, దాని రెండో కొసను తన మణికట్టుకు చుట్టుకుంటుంది. పాప కదిలితే తాడు లాగుతుంది, ఆవిడ లేచి వెళ్తుంది. ‘కూర్చున్న చోటు నుంచే ఊపొచ్చని కట్టుకున్నానమ్మా’ అని కోడలితో చెప్పింది. ‘మా అత్తయ్య తెలివి చూశారా’ అని కోడలు ఆ తాడును పక్కింటామెకు చూపించి మురిసిపోయింది కూడా.

కోడలు వెళ్ళిపోయాక నాయనమ్మ వంటింటి కిటికీ దగ్గరికి వచ్చింది. గట్టు మీద వరసగా గాజు గ్లాసులు. ఒక్కొక్క గ్లాసు మీద ఒక్కొక్క అవకాడో టెంక, నడుముకు మూడేసి టూత్‌పిక్కులు గుచ్చుకుని, వాటి మీద ఆనుకుని, కింది సగం నీళ్ళలో ముంచుకుని కూర్చుంది. ‘మనింట్లో మనుషులకు గ్లాసులు లేవు గానీ టెంకలకు తలా ఒకటి’ అని కొడుకు రోజూ నీళ్ళు తాగబోయే ముందు ఒకసారి దెప్పుతాడు.

షాపులో గుజ్జు తీసుకుని పారేసే టెంకలవి. షాపుకు పళ్ళు వేసే నర్సరీ ఆయన ఒకసారి కోడలితో మాటల్లో చెప్పాడు. ఇళ్ళల్లో ఆడవాళ్ళ చేత ఈ టెంకలు మొలిపించి, మొక్క కాస్త పెరిగాక తను తీసుకెళ్ళి అంటు కడతాడట. ఇల్లిల్లూ తిరిగి వాళ్ళకు పని నేర్పే మనిషి కావాలట. ‘ముందు మీరు మీ ఇంట్లో మొలిపించి చూపించండమ్మా, ఆ పని మీకే ఇస్తాను’ అన్నాడు. చూడటానికి శుక్రవారం వస్తానన్నాడు. ఐసులో, నిమ్మరసంలో నాని నాని కోడలి వేళ్ళ చివర్లు పగిలి, పాపను ఎత్తుకుంటే బట్టలకు గరగరా తగులుతాయి. ఆ షాపు ఓనరు ఆమెను ఇంతవరకు ‘ఏయ్’ అని తప్ప పిలిచి ఎరగడు. ఆ చాకిరీ నుంచి బయటపడటానికి ఆమెకున్న దారి, ఇదిగో, ఈ గట్టు మీద గ్లాసుల్లో ఉంది.

నాయనమ్మ వాటిని చూస్తూ కాసేపు నిలబడింది. టెంకలు, ఎండ, పెట్టండి. ఇందులో అర్థం కానిదేముంది? విత్తనమన్నాక ఎండబెట్టాలి. బీర కానీ సొర కానీ గుమ్మడి కానీ, గింజ తీసి కడిగి, తుడిచి, ఎండబెట్టి దాచడం ఆవిడ చేతులకు అలవాటైన పనే. అసలు ఇన్నాళ్ళూ వీటిని నీళ్ళలో వేసి కుళ్ళబెడుతుంటేనే ఆవిడకు మనసు ఒప్పలేదు. ఇప్పటికైనా పిల్లకు బుద్ధి వచ్చింది అనుకుంది.

పాపను చంకన వేసుకుని, ఒక చేత్తోనే మొదలుపెట్టింది. ఒక్కో టెంకను ఎత్తి టూత్‌పిక్కులు లాగేసింది. అడుగున జిగురు పట్టి ఉంటే పాత బట్టతో గట్టిగా తుడిచింది. కొన్ని టెంకలు కింద నుంచి నిలువునా చీలి ఉన్నాయి. చీలికలోంచి తెల్లగా, మెత్తగా ఏదో తొంగి చూస్తోంది. పురుగు పట్టింది కాబోలు అనుకుని, మొహం చిట్లించి, ఒక్కొక్కదాన్నీ గోటితో గిల్లి పారేసింది. గ్లాసులు తోమి బోర్లించింది. మేడ మీద పాత దుప్పటి పరిచి టెంకలన్నీ ఒకదానికొకటి తగలకుండా పేర్చింది. మధ్యాహ్నం ఒకసారి వెళ్ళి తిరగేసి వచ్చింది. ఎండ మంచి తీక్షణంగా ఉంది. సాయంత్రానికి టెంకలు పైన పెంకులా బిగుసుకుని, అరచేతిలో ఆడిస్తే తేలిగ్గా తగిలాయి. నాయనమ్మకు చాలా సంతోషమేసింది.

కోడలు వచ్చి చెప్పులు విప్పుతుండగానే పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది.

“చూడమ్మాయ్, ఎంత బాగా ఎండాయో! రేపు ఇంకొక పూట పెడితే గలగలలాడతాయి.”

కోడలు పళ్ళెం వైపు చూసింది. తర్వాత కిటికీ గట్టు వైపు చూసింది. మళ్ళీ పళ్ళెం వైపు చూసి, ఒక టెంకను తీసి, తిప్పి, అడుగున చీలిక దగ్గర బొటనవేలు ఆనించి అలాగే నేల మీద కూర్చుండిపోయింది. అరవలేదు. అరిచి ఉంటే నాయనమ్మకు అర్థమై ఉండేది.

“అత్తయ్యా, వేర్లు వచ్చాయి కదండీ వీటికి,” అంది. ఈసారి ఎదురుగా ఉంది కాబట్టి ఆ మాట పెదాల మీద స్పష్టంగా కనిపించింది. “ఇవి ఎండితే చచ్చిపోతాయి. లోపలి తడి పోతే ఇంక మొలవవు. గ్లాసుల్ని కాస్త ఎండలో పెట్టమన్నాను కదా... పొద్దున పూట ఆ గట్టు చీకటిగా ఉంటుంది, ఎండైతే నీళ్ళు వెచ్చబడతాయని...”

ఎండలో పెట్టడం. ఎండబెట్టడం. గోటితో గిల్లి పారేసిన ఆ తెల్లటి పురుగులు నాయనమ్మ కళ్ళ ముందు మెదిలాయి.

కొడుకు అప్పుడే స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చాడు. సంగతి విన్నాడు. తల్లి మొహం చూశాడు, అది తెల్లగా పాలిపోయి ఉంది. భార్య మీదికి తిరిగాడు.

“నువ్వేం చెప్పావో నీకైనా గుర్తుందా? పొద్దున్నే నోట్లో పిన్నీసు పెట్టుకుని నములుతూ చెప్తావు. నాకే సగం అర్థం కాదు. అమ్మ పొరపాటు చేసే మనిషేనా?”

“ఎండలో పెట్టమనే అన్నానండీ.”

“అన్నావనుకుంటున్నావు. ఎండబెట్టమనే అని ఉంటావు. అమ్మా, నీకేం వినపడింది?”

నాయనమ్మ నోరు తెరిచింది. ఇప్పుడు చెప్పేయాలి. నాకేమీ వినపడలేదురా, నేనే ఊహించుకున్నాను అనాలి. కోడలి ఒడిలోకి పాకి వచ్చిన పాప, ఆ పళ్ళెంలోంచి ఒక టెంకను తీసి నేలకేసి కొడుతోంది. పాప చేతులు లేచి పడుతున్నాయి. చప్పుడు మాత్రం ఆవిడకు లేదు.

“ఎండబెట్టమన్నట్టే వినపడింది నాయనా,” అంది.

“చూశావా?” అన్నాడు కొడుకు.

కోడలు పాప చేతిలోంచి ఆ టెంకను తీసి పళ్ళెంలో పెట్టింది. చివరికి, “హడావిడిలో అలాగే అన్నానేమో. ఏమోనండీ. నాకే గుర్తు లేదు,” అంది. తప్పు తనదో కాదో తేల్చుకోలేక అలిసిపోయి ఒప్పేసుకుంది. కంచాల ముందు కూర్చున్నాక కూడా కొడుకు ఆ పిన్నీసుల సంగతి వదల్లేదు. నాయనమ్మ తల వంచుకుని తింటూ మాటిమాటికీ నీళ్ళు తాగింది. బతికిపోయానన్న ఊరటా, ఇంత నీచమైన పని చేశానన్న ఏవగింపూ రెండూ కలిసి ఆవిడను దహించేశాయి.

మర్నాడు కోడలు షాపు నుంచి ఒక సంచీ నిండా కొత్త టెంకలు పట్టుకొచ్చింది. ఇవాళ పెడితే శుక్రవారానికి వేరు రాదని ఆమెకు తెలుసు. వేరు రావడానికి వారాలు పడుతుంది. అయినా ఖాళీ గట్టు చూపించడం కంటే నయమనుకుంది. ఇద్దరూ నేల మీద పాత కాగితాలు పరుచుకుని కూర్చున్నారు. టెంకలను కడిగి, అంటుకున్న గుజ్జంతా వేళ్ళతో రుద్ది తీసేశారు. పైన గోధుమరంగు పొట్టు ఉంటుంది, కాస్త నానాక గోరు దూర్చి లాగితే ఊడి వస్తుంది. ఊడిన చోట టెంక పాలిపోయి ఉంటుంది గానీ, గాలి తగిలేసరికి ఎర్రబడి, చేతులకూ ఆ ఎరుపు అంటుకుని ఒక పట్టాన వదలదు.

“ఇదిగో, మొన ఉన్న వైపు పైకి, మట్టసంగా ఉన్న వైపు కిందికి,” అంది కోడలు. ఆ ఒక్కటీ తల ఎత్తి చెప్పింది. తర్వాత తల వంచేసి, టూత్‌పిక్కు కాస్త ఏటవాలుగా గుచ్చుతూ ఏదేదో చెప్పుకుపోయింది. ఎంత లోతుకు గుచ్చాలో చెప్తోందో, నీళ్ళు ఎన్నాళ్ళకు మార్చాలో చెప్తోందో. నాయనమ్మకు ఆమె పాపిట తప్ప ఏమీ కనపడలేదు. ఆవిడ ఒక టెంకను రెండు చేతులతో పట్టుకుని, గుచ్చబోయి ఆగిపోయింది. మళ్ళీ ఏదైనా ఊహించుకుని చేస్తే? మళ్ళీ ఈ పిల్లే నెత్తిన వేసుకోవాలి.

“నువ్వు గుచ్చమ్మా. నా చేతులు వణుకుతున్నాయి,” అంది. వణకడం నిజమే.

కోడలు ఆ చేతులను చూసి తన చేతుల్లోకి తీసుకుంది. ఆ పగిలిన వేళ్ళు గరుగ్గా తగిలాయి. “మీరేం బాధపడకండి అత్తయ్యా. తప్పు నాదే. ఇకనుంచి మీకు ఎదురుగా నిలబడి చెప్తాను,” అంది. ఇంతకన్నా నాలుగు తిట్టి ఉంటే నాయనమ్మకు హాయిగా ఉండేది.

గురువారం మధ్యాహ్నం నాయనమ్మ కిటికీ గట్టు ముందే నిలబడిపోయింది. ఒక్కో గ్లాసునూ ఎండ వాటాన్ని బట్టి జరిపింది. నీళ్ళు తగ్గిన చోట చెంచాతో పోసింది. గ్లాసును కళ్ళ దగ్గరికి ఎత్తుకుని టెంక అడుగు చూసింది, నున్నగా ఉంది. ఒక్కటైనా, ఒక్కటంటే ఒక్కటైనా చీలకూడదా అని లోపల్లోపల బతిమాలుకుంది. తడి చేతులు తుడుచుకోవడానికి మణికట్టు నుంచి తాడు ఎప్పుడు విప్పిందో ఆవిడకు గుర్తు లేదు.

భుజం మీద ఎవరో చరిచినట్టయితే ఉలిక్కిపడి తిరిగింది. పక్కింటి కుట్టుపనామె. మెడలో కొలతల టేపు వేలాడుతోంది, చంకలో పాప. పాప మొహం కందగడ్డలా ఉంది, ఏడ్చి ఏడ్చి వెక్కిళ్ళు పట్టి ఒళ్ళంతా ఎగిరెగిరి పడుతోంది.

“ఏం పిన్నిగారూ, చెవుల్లో దూది పెట్టుకున్నారా? పిల్ల కాలు ఊయల చువ్వల్లో ఇరుక్కుని గుక్క పెట్టి ఏడుస్తుంటే మా ఇంటిదాకా వినపడింది. నా మిషను చప్పుడులో నాకే వినపడిందంటే చూసుకోండి! తలుపు ఎంత కొట్టానో. తీసే ఉందని తోసుకొచ్చాను కాబట్టి సరిపోయింది.”

నాయనమ్మ పాపను లాక్కున్నట్టు తీసుకుంది. లేత పిక్క మీద చువ్వ నొక్కుకున్న గుర్తు ఎర్రగా పడి ఉంది. ఆ గది ఈ గదికి ఎన్ని అడుగులని? పాప ఎంతసేపు పిలిచిందో! పిలిచి పిలిచి, నాయనమ్మ రాదు కాబోలు అనుకుందేమో.

“కుళాయి చప్పుడులో వినపడలేదమ్మా,” అంది. కుళాయి కట్టేసే ఉంది. కుట్టుపనామె కుళాయి వైపు చూసింది, నాయనమ్మ వైపు చూసింది, మెడలో టేపు సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం పాప కాలికి పాజామా తొడిగే ఉంచింది నాయనమ్మ. కోడలు ఎత్తుకుని ముద్దులాడుతుంటే, ఆ బట్ట ఎక్కడ పైకి జరుగుతుందోనని చూస్తూ కూర్చుంది. అలా చూస్తున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

శుక్రవారం నర్సరీ ఆయన వచ్చాడు. కోడలు షాపులో సెలవడిగితే ఓనరు ‘రేపటి నుంచి కూడా ఇంట్లోనే ఉండు’ అన్నాడట, అయినా ఆగిపోయింది. కొడుకు కూడా ఆ పూట ఉన్నాడు. నర్సరీ ఆయన పెద్దమనిషిలాగే ఉన్నాడు గానీ, మీసం మాత్రం పైపెదవిని కప్పేసి కింది పెదవి మీదికి దిగింది. ఆ మీసం చూడగానే నాయనమ్మకు తెలిసిపోయింది. ఆయన నోట్లోంచి ఊడిపడే ఒక్క ముక్క కూడా ఆవిడకు అందదు. పాపను ఒళ్ళో పెట్టుకుని గోడవారన కూర్చుంది.

ఆయన కిటికీ గట్టు దాకా వెళ్ళి, ఒక గ్లాసు ఎత్తి చూశాడు. ఇంకొకటి చూశాడు. ఏదో అడిగాడు. మీసం కదిలింది.

కోడలు మాత్రం నాయనమ్మకు ఎదురుగానే నిలబడి ఉంది. ఆమె పెదాలు తెల్లకాగితం మీద అక్షరాల్లా కనపడుతున్నాయి. “ఇవి మొన్న పెట్టినవండీ. ముందు పెట్టినవాటికి వేర్లు వచ్చాయి. అవి... పాడైపోయాయి.”

మీసం కదిలింది.

“ఎండిపోయాయండీ. మా అత్తయ్యగారికి నేనే తప్పుగా చెప్పాను. ఎండలో పెట్టమనబోయి ఎండబెట్టమన్నాను.”

ఆయన గ్లాసు కింద పెట్టి, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఈసారి చాలాసేపు మాట్లాడాడు. చేతులు విప్పి మరీ చెప్పాడు. కోడలి మొహంలో రంగు కొంచెం కొంచెంగా దిగిపోయింది. కొడుకు నేల చూపులు చూస్తూ కాలి బొటనవేలితో గచ్చు రాస్తున్నాడు.

“నిజమేనండీ,” అంది కోడలు. “పని తెలియడం వేరు, చెప్పడం వేరు. నాకు చెప్పడం రాదనే అనుకోండి. ఇంట్లో ఒక్క మనిషికే సరిగ్గా చెప్పుకోలేనిదాన్ని, ఇల్లిల్లూ తిరిగి ఏం నేర్పుతాను? మీరన్నది నిజమే.”

నాయనమ్మకు అంతా అర్థమైంది. ఆయనేమన్నాడో మీసం చెప్పకపోయినా ఈ పెదాలు చెప్పేశాయి. ఆయన లేచాడు. కండువా భుజాన వేసుకున్నాడు. కోడలు దణ్ణం పెట్టింది. పెట్టిన చేతులు వెంటనే దించలేదు, మొహానికి అడ్డంగా అలాగే ఉంచుకుంది.

“ఆ పిల్ల సరిగ్గానే చెప్పింది,” అంది నాయనమ్మ.

తన గొంతు ఎంత పెద్దగా వచ్చిందో ఆవిడకు తెలియదు. ముగ్గురూ ఒక్కసారిగా ఇటు తిరిగారు.

“ఆ పిల్ల చెప్పడంలో లోపమేం లేదు. నాకే వినపడదు. చాలా కాలంగా వినపడదు. మీరందరూ ఏం చెప్పినా ఊఁ అంటున్నాను, అంతే. ఆ వేర్లను పురుగులనుకుని నేనే గిల్లి పారేశాను. నిన్న పాప ఏడిస్తే కూడా నాకు వినపడలేదు. పక్కింటామె వచ్చి తీసింది. కావాలంటే దాని కాలు చూడండి.” పాజామా పైకి తీసి చూపించింది. గుర్తు కమిలి నల్లబడింది.

ముందు కోడలే కదిలింది. వచ్చి, వంగి పాపను నాయనమ్మ ఒళ్ళోంచి తీసుకుంది. ఆ కాలిని అరచేతిలో పట్టుకుని చూసుకుంది, పాపను గుండెకు హత్తుకుంది. నాయనమ్మ చేతులు కాసేపు అలాగే గాల్లో ఉండిపోయి, తర్వాత ఖాళీ ఒడిలో పడ్డాయి. ఇన్నాళ్ళూ దేనికి భయపడిందో అది కళ్ళ ముందే జరిగిపోయింది. ఏడుపు కూడా రాలేదు.

నర్సరీ ఆయన గుమ్మం దాకా వెళ్ళినవాడు ఆగాడు. తిరిగి వచ్చి, కుర్చీ లాక్కుని మళ్ళీ కూర్చున్నాడు. కోడలి వైపు చూసి ఏదో అడిగాడు. కోడలు కళ్ళు తుడుచుకుని జవాబు చెప్పింది. కొడుకు మధ్యలో ఏదో అన్నాడు, తల్లి వైపు చెయ్యి చూపించాడు. ముగ్గురి నోళ్ళూ ఒకేసారి ఆడుతున్నాయి. మాట్లాడుతున్నది తన గురించే. పెద్దకొడుకు ఇంటి సంగతి కావచ్చు, డాక్టరు సంగతి కావచ్చు, రేపటి నుంచి పాపను ఎవరు చూస్తారన్నది కావచ్చు. కోడలు పాపను భుజాన వేసుకుని అటు తిరిగి ఉంది, వీపు మాత్రమే కనపడుతోంది.

ఇలాంటప్పుడు నాయనమ్మ ఎప్పుడూ ‘ఊఁ’ అనేది. ఆ ఊఁ నాలుక చివరి దాకా వచ్చింది కూడా. గోడను పట్టుకుని లేచింది. కోడలి దగ్గరికి వెళ్ళి, మోచెయ్యి పట్టుకుని, తన వైపు తిప్పుకుంది.

“నాకేం వినపడలేదమ్మా,” అంది. “మళ్ళీ చెప్పు.”